టెన్షన్ తట్టుకునే పద్ధతి ఒంటి మీద పడుతుందా? ఒక స్టాఫ్ నర్సు ప్రశ్నకు జవాబు

అమ్మా, చదివే మిగతావాళ్ల కోసం ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. మీరు భీమవరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. వయసు 36. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీ. ఈమధ్య డ్యూటీ దిగేటప్పుడు చూసుకుంటే బీపీ 150/96 వచ్చింది. నడుం నొప్పి, కడుపులో మంట ఉన్నాయి, పగలు నిద్ర పట్టడం లేదు. మీ వదినగారు గోదావరి మధ్యలోని లంక గ్రామాల్లో ఏఎన్ఎం, అంటే ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త. ఆవిడకు షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. "అందరూ టెన్షన్ తగ్గించుకో అంటున్నారు. మా ఉద్యోగాల్లో అది ఎలాగూ తగ్గదు. దాన్ని తట్టుకునే పద్ధతి మార్చుకుంటే ఒంట్లో నిజంగా ఏమైనా మారుతుందా?" అని అడిగారు.

మారుతుంది. ఏది మార్చుకుంటే ఎంత మారుతుందన్నది మాత్రం విడమరిచి చెప్పాలి. నేను జనరల్ మెడిసిన్ చదివి కోనసీమలోనూ, తర్వాత పశ్చిమ డెల్టాలోనూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసిన డాక్టర్ని. నా ఓపీకి రోగులతో పాటు సిస్టర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, 108 అంబులెన్స్ పైలట్లు, ఆశా కార్యకర్తలు కూడా వచ్చేవారు. చాలామంది డ్యూటీ మధ్యలో వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే "ఒక్కసారి బీపీ చూడండి సార్" అనేవారు. వాళ్లను చూస్తూ చూస్తూ నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. పని భారం ఎంతన్నది ఎంత ముఖ్యమో, డ్యూటీ దిగాక కూడా అది ఒంట్లో ఎన్ని గంటలు నిలిచి ఉంటుంది, దింపుకోవడానికి మనం దేన్ని ఆసరా చేసుకుంటాం అన్నవీ అంతే ముఖ్యం. పదేళ్ల తర్వాత బీపీగానో షుగర్‌గానో తేలేది చాలావరకు వాటి ఫలితమే.

మన డెల్టా రైతుకు ఇది వేరే చెప్పక్కర్లేదు. చేను మునగడానికి వాన ఒక్కటే కారణం కాదు, మురుగు కాలువకు గుర్రపుడెక్క పట్టి నీరు దిగకపోయినా మునుగుతుంది. వానను ఆపలేం గానీ కాలువ తవ్వుకోవచ్చు. అయితే ఆ కాలువ తవ్వాల్సిన బాధ్యత ఒక్క రైతుదే కాదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఒంట్లో ఏం జరుగుతుందో మీరు నర్సింగ్‌లో చదివే ఉంటారు, కాబట్టి త్వరగా దాటేస్తాను. ఒక అటెండెంటు వచ్చి కౌంటర్ మీద చెయ్యి చరిచి కేకలు వేస్తే క్షణాల్లో అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె వేగం, బీపీ పెరుగుతాయి, కాలేయం నుంచి చక్కెర రక్తంలోకి వస్తుంది. కాస్త ఆలస్యంగా మెదడులోని హైపోథలమస్, పిట్యూటరీల ద్వారా అడ్రినల్ గ్రంథికి కబురు వెళ్లి కార్టిసాల్ విడుదలవుతుంది. గొడవ సద్దుమణిగాక అన్నీ మామూలు స్థితికి రావాలి. వస్తే నష్టం లేదు. ఆ కేకలనే ఇంటికెళ్లేదాకా, పడుకున్నాక కూడా మనసులో తిప్పుతూ ఉంటే శరీరం వాటిని ఇంకా జరుగుతున్న గొడవగానే లెక్కేస్తుంది. ఇలా పదేపదే పెరిగి పూర్తిగా దిగని స్థితి వల్ల అవయవాల మీద పడే అరుగుదలకు 1993లో బ్రూస్ మెక్‌యువెన్, ఎలియట్ స్టెల్లార్ అనే శాస్త్రవేత్తలు అలోస్టాటిక్ లోడ్ అని పేరు పెట్టారు.

ఇది మాటవరసకు చెప్పే సంగతి కాదు. 1995లో లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. మతిమరుపు జబ్బు ఉన్న బంధువులకు ఏళ్ల తరబడి సేవ చేస్తున్న ఆడవాళ్ల చేతి మీద చిన్న గాయం చేసి, అది మానడానికి ఎంతకాలం పడుతుందో చూశారు. అదే వయసులో ఉండి, అలాంటి బాధ్యత లేనివాళ్ల కంటే వీళ్లకు సుమారు 9 రోజులు ఎక్కువ పట్టింది. 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం మన దేశంతో సహా 52 దేశాల్లో గుండెపోటు వచ్చినవాళ్లను పరిశీలించింది. పొగతాగడం, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ వంటి తొమ్మిది ముఖ్య కారణాలను లెక్కగట్టి, మానసిక ఒత్తిడిని కూడా వాటిలో చేర్చింది.

ఇప్పుడు తట్టుకునే పద్ధతుల దగ్గరికి వద్దాం. 1984లో లాజరస్, ఫోక్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన విభజననే ఈనాటికీ అందరూ వాడుతున్నారు. సమస్యనే పట్టుకుని సరిచేసుకోవడం ఒక దారి. ఆ సమస్య వల్ల మనసులో రేగినదాన్ని చల్లబరుచుకోవడం రెండో దారి. చాలామంది మొదటిది మంచిది, రెండోది పిరికితనం అనుకుంటారు. అలా కాదు. మన చేతిలో ఉన్న విషయానికి మొదటి దారి పనికొస్తుంది, మన చేతిలో లేనిదానికి రెండోది. ఈ రెంటినీ తారుమారు చేసుకున్నప్పుడే ఒళ్లు గుల్లవుతుంది.

మీ వదినగారి ఉద్యోగంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. గోదావరికి వరద వస్తే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. 2022 జులైలో వరద 25 లక్షలు దాటింది. లంకల్లో ఏఎన్ఎంలు, ఆశాలు పడవల మీద తిరిగి మందులు పంచారు. అలాంటప్పుడు నీరు ఎంత వస్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు. రాత్రంతా ఫోన్‌లో నీటిమట్టం చూస్తూ కూర్చుంటే పోయేది నిద్రే. కానీ నెలలు నిండిన గర్భిణుల జాబితా, డయాలసిస్ చేయించుకునేవాళ్ల పేర్లు, ఇన్సులిన్ వాడేవాళ్ల ఇళ్లు, పాముకాటు మందు ఏ ఆసుపత్రిలో ఉందన్న వివరం ఆవిడ చేతిలో ఉంటాయి. మొదటి హెచ్చరిక రాకముందే గర్భిణులను గట్టు ఇవతల ఆసుపత్రికి చేర్చిన ఏఎన్ఎం ఆ రాత్రి కాసేపైనా పడుకోగలదు. ఆవిడకు బాధ లేదని కాదు, తాను చెయ్యగలిగింది పూర్తయిందని ఆవిడకు తెలుసు. మిగిలినదానికి ప్రార్థన, పక్కింటి మనిషితో మాట, ఒక గంట కునుకు, ఇవే సరైన మందులు.

మన వాళ్లు ఎక్కువగా వాడే పద్ధతులు, వాటి వల్ల ఒంటికి ఏమవుతుందో నేను చూసినంతవరకు చెబుతాను.

అన్నిటికంటే ఎక్కువగా చూసేది మింగేసుకోవడం. మన ఆసుపత్రుల్లో దీన్ని మంచి గుణంగా మెచ్చుకుంటాం. "ఆ సిస్టరు ఎంత తిట్టినా నవ్వుతూనే ఉంటారండీ" అంటాం. ముఖం మీద ఏదీ కనిపించకుండా అదిమిపెట్టమని చెప్పి, బాధ కలిగించే వీడియోలు చూపించి, ఒంట్లో ఏం జరుగుతోందో కొలిచిన ప్రయోగాలు 1990ల్లో జరిగాయి. గ్రాస్, లెవెన్‌సన్ అనే పరిశోధకులు చేశారు. ముఖం ప్రశాంతంగా ఉన్నా లోపలి బాధ తగ్గలేదు, పైగా గుండె, రక్తనాళాల మీద ఒత్తిడి పెరిగింది. రోజుకు ఎనిమిది గంటలు, పన్నెండు గంటలు ఇదే పని చేస్తున్నామంటే ఆ భారం ఊహించుకోండి. రోగి బంధువు మీద తిరిగి అరవమని నేను చెప్పడం లేదు. బెడ్ దగ్గర నిగ్రహం కావాల్సిందే. అయితే అది అక్కడితో ముగియాలి. డ్యూటీ రూమ్‌కి వచ్చి, నమ్మకమైన మనిషితో "నాకు చాలా కోపం వచ్చింది, భయం కూడా వేసింది" అని పైకి అనేయాలి. నోటితో అనలేనివాళ్లు రాసుకోవచ్చు. 1986లో పెన్‌బేకర్ అనే ఆయన విద్యార్థుల చేత నాలుగు రోజుల పాటు, రోజుకు పావుగంట, తమను బాధపెట్టిన అనుభవాల గురించి రాయించారు. రాసిన రోజున దిగులు పెరిగింది గానీ, తర్వాతి నెలల్లో వాళ్లు ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. నోట్‌బుక్‌లో రోగుల పేర్లు రాయకండి, అంతే జాగ్రత్త.

మాట్లాడటంలోనూ రెండు రకాలున్నాయి. ఒకరి భారం ఇంకొకరు విని "అవునమ్మా, నాకూ అలాగే అయింది, నువ్వు కాసేపు కూర్చో, నీ ఇంజెక్షన్లు నేను చేస్తాను" అంటే అది నిజమైన సాయం. ఒకే సూపర్‌వైజర్‌ను గురించి ప్రతి రాత్రీ అదే కథ చెప్పుకుని ఇంకా ఉడికిపోవడం మనసుకు తేలిగ్గా అనిపిస్తుంది కానీ ఒంటికి మాత్రం మళ్లీ అదే గొడవ.

ఇంకొంతమంది మనసుకు ఏమీ తగలకుండా చేసుకుంటారు. రోగి పేరు పోయి "14వ బెడ్డు" మిగులుతుంది. ఐసీయూలో వరుసగా మరణాలు చూసిన రోజున ఆ మొద్దుబారడం ఒక కవచమే, నేను తప్పుపట్టను. నెలల తరబడి అలాగే ఉంటే మాత్రం అది బర్నౌట్ లక్షణం. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11 అనే తన జబ్బుల జాబితాలో బర్నౌట్‌ను జబ్బుగా కాకుండా, ఉద్యోగ స్థలంలో సరిగ్గా పరిష్కారం కాని దీర్ఘకాలిక ఒత్తిడి ఫలితంగా రాసింది. ఈ నిర్వచనాన్ని మీ యాజమాన్యం కూడా చదవాలని నా కోరిక.

తిండి సంగతి. నైట్ డ్యూటీలో రెండు గంటల ప్రాంతంలో నిద్ర ముంచుకొచ్చినప్పుడు టీ, బిస్కెట్లు పట్టుకుంటాం. ఇది బలహీనత కాదు, నిద్రలేని మెదడు తీపినీ కొవ్వునూ అడుగుతుంది. చిక్కేమిటంటే రాత్రిపూట ఇన్సులిన్ పగటిలాగా సమర్థంగా పనిచేయదు, కాబట్టి అదే తిండి రాత్రి తింటే చక్కెర ఎక్కువ పెరుగుతుంది. రెండు చెంచాల పంచదార వేసిన టీలు ఆరు తాగితే సుమారు 60 గ్రాముల పంచదార. పెద్దవాళ్లకు రోజుకు 50 గ్రాములు దాటకూడదని, 25 లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బాక్సులో ఆవకాయ, ఎండుచేప, అప్పడం కలిస్తే ఉప్పు కూడా రోజు మొత్తానికి చెప్పిన 5 గ్రాములను సునాయాసంగా దాటుతుంది. మీ బీపీకి ఇందులో వాటా ఉంది. రాత్రి భోజనం తొమ్మిది లోపల కడుపునిండా చేయండి. అర్ధరాత్రి తర్వాత ఆకలేస్తే ఉడికించిన గుడ్డో, శనగలో, జామకాయో, చిన్న గిన్నెడు పెరుగో తీసుకోండి. టీ ఒకటి రెండింటికి తగ్గించి, చివరిది తెల్లవారుజామున మూడుకు ముందే ముగించండి. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఆరింటికి తాగిన టీ తొమ్మిదింటికి మీ నిద్రను ఆపుతుంది.

మీ వదినగారి చిక్కు ఇంకో రకం. మన జిల్లాల్లో గడప తొక్కిన మనిషికి కాఫీ ఇవ్వకపోతే ఇంటివాళ్లకు చిన్నతనం, వద్దంటే వాళ్లు నొచ్చుకుంటారు. ఆవిడ మధ్యాహ్నం భోజనం వదిలేసి, ఇల్లిల్లూ తిరిగి, ప్రతిచోటా తీపి కాఫీతో గడిపి, సాయంత్రం ట్యాబ్‌లో ఎంట్రీలు పూర్తిచేసి, రాత్రి ఒకేసారి పెద్ద పళ్లెం అన్నం తింటుంటే బోర్డర్‌లో ఉన్న షుగర్ దాటిపోవడానికి ఎక్కువకాలం పట్టదు. "షుగర్ వచ్చేలా ఉందమ్మా, మంచినీళ్లు చాలు, లేదంటే ఉప్పు లేని మజ్జిగ ఇవ్వండి" అని నాలుగిళ్లలో చెబితే ఊరంతటికీ తెలిసిపోతుంది. పైగా ఏఎన్ఎం నోట ఆ మాట వింటే ఊళ్లోవాళ్లు కూడా తమ షుగర్ చూపించుకుంటారు.

ఫీల్డులో తిరిగే ఆడవాళ్ల గురించి ఎవరూ మాట్లాడని పద్ధతి ఒకటుంది. మరుగుదొడ్డి దొరకదని ఉదయం నుంచి నీళ్లు తాగరు. ఇదీ ఒక ఇబ్బందిని తట్టుకునే మార్గమే. మన ఉక్కపోతలో చెమట అంతా పోయి, మూత్రం గంటల తరబడి ఆపుకుంటే మూత్రంలో ఇన్ఫెక్షన్లు, కిడ్నీలో రాళ్లు, తలనొప్పులు వస్తాయి. ఏ ఊళ్లో ఎవరింట్లో మరుగుదొడ్డి వాడుకోవచ్చో ఆశా కార్యకర్తతో ముందే మాట్లాడుకుని, ఆ దారిలోనే తిరిగేలా రోజు ప్లాన్ చేసుకోమనండి. చిన్న పనే గానీ, సమస్యను నేరుగా పట్టుకోవడమంటే ఇదే.

ఇప్పుడు నన్ను ఎక్కువగా భయపెట్టే పద్ధతికి వస్తాను. మందుల బీరువా తాళం మన చేతిలో ఉండటం. నడుం నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ పక్క సిస్టరు చేత చేయించుకోవడం, ఆ మంటకు పాంటాప్రజోల్ మాత్ర, నిద్రకు అల్ప్రజోలం పావు మాత్ర, మళ్లీ డ్యూటీకి వెళ్లేముందు గట్టి కాఫీ. రోగికైతే డాక్టరు రాయనిదే ఇవ్వం, మనకు మనమే రాసుకుంటాం. డైక్లోఫెనాక్ జాతి మందులు బీపీని పెంచుతాయి, బీపీ మాత్రల పనిని తగ్గిస్తాయి, కడుపులో పుండ్లు చేస్తాయి, ఎక్కువకాలం వాడితే కిడ్నీలను దెబ్బతీస్తాయి. పాంటాప్రజోల్ ఏళ్ల తరబడి వాడితే బీ12, మెగ్నీషియం తగ్గవచ్చు. అల్ప్రజోలం కొన్ని వారాల్లోనే అలవాటుగా మారుతుంది, ఒక్కసారిగా ఆపితే నిద్ర ఇంకా చెడుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. మీరు రాసిన మూడు బాధలు, నడుం నొప్పి, కడుపు మంట, బీపీ, ఒకే గొలుసులో ఉండే అవకాశం ఉంది. గత నెలలో మీరు వేసుకున్న ప్రతి మాత్రనూ, చేయించుకున్న ప్రతి ఇంజెక్షన్‌నూ ఒక కాగితం మీద రాయండి. డాక్టరుకు దాచకుండా చూపించండి. ఇప్పటికే అల్ప్రజోలం రోజూ వేసుకుంటుంటే మీ అంతట మీరు ఆపకండి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

మందు, సిగరెట్, గుట్కా గురించి మీకు చెప్పనవసరం లేదు గానీ, మీ వార్డు బాయ్‌లకూ అంబులెన్స్ వాళ్లకూ చెప్పండి. మందు తాగితే నిద్ర త్వరగా పట్టినట్టుంటుంది, తెల్లవారుజామున అదే చెదరగొడుతుంది.

దేవుణ్ణి నమ్ముకోవడం గురించి అడగలేదు గానీ మన ప్రాంతంలో దాన్ని వదిలేసి మాట్లాడితే సగం సంగతి వదిలేసినట్టే. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకునే సిస్టర్లు, ఆదివారం చర్చి ప్రార్థనకు డ్యూటీ మార్చుకునే సిస్టర్లు, నమాజుకు పది నిమిషాలు పక్కకు వెళ్లే ల్యాబ్ అబ్బాయిలు మనకు తెలుసు. నమ్మకం మీద పరిశోధన చేసిన పార్గమెంట్ అనే శాస్త్రవేత్త ఇందులో రెండు తీరులు చూశారు. "దేవుడు నాకు తోడున్నాడు" అనుకునేవాళ్లకు మేలు జరుగుతోంది. "నేను చేసిన పాపానికే ఈ శిక్ష" అనుకునేవాళ్లకు మనసూ ఒళ్లూ రెండూ కుంగుతున్నాయి. గుడికి నడిచి వెళ్లడం, నలుగురిలో కూర్చోవడం, పాడటం ఒంటికి కూడా మంచివే. ఉపవాసం దగ్గర మాత్రం జాగ్రత్త. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతూ, ఉపవాసం ఉండి, నైట్ డ్యూటీ చేస్తే షుగర్ పడిపోవచ్చు. ముందు డాక్టరుతో మాట్లాడి మందు సర్దుబాటు చేసుకోవాలి.

నిద్ర గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మిగతా పద్ధతులన్నీ దీని మీదే ఆధారపడతాయి. అమెరికాలో 1976లో మొదలైన నర్సుల ఆరోగ్య అధ్యయనం వేలాది నర్సులను దశాబ్దాల పాటు గమనించింది. షిఫ్టులు మారుతూ ఏళ్ల తరబడి నైట్ డ్యూటీ చేసినవాళ్లలో గుండె రక్తనాళాల జబ్బు కొంత ఎక్కువగా కనిపించింది. రాత్రి షిఫ్టు పనిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో, మళ్లీ 2019లో, క్యాన్సర్‌కు కారణం అయ్యే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. పగటి నిద్రను ఇంట్లో అందరూ ఉద్యోగంలో భాగంగా చూడాలని చెబుతున్నాను. మన ఇళ్లలో నైట్ చేసి వచ్చిన కోడలు టిఫిన్ చేసి, పిల్లల్ని స్కూలుకు పంపి, గిన్నెలు తోమాకే పడుకుంటుంది, మధ్యలో బంధువులొస్తే లేస్తుంది. మీ ఆయనతోనూ అత్తగారితోనూ కూర్చుని, మీ బీపీ అంకె చూపించి, తొమ్మిది నుంచి మూడు దాకా మీ గది తలుపు ఎవరూ తట్టకూడదని ఒప్పించండి. మందపాటి కర్టెన్, ఫ్యాన్, ఇంకో గదిలో ఫోన్ ఉంటే చాలు. వరుసగా వచ్చే నైట్‌లు మూడు నాలుగు దాటకుండా చూసుకుంటే శరీరం తేరుకుంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. పొద్దున్న స్కూటీ మీద కాలువ గట్టు రోడ్డున ఇంటికి వెళ్తూ కునుకు పట్టి పడిపోయిన సిబ్బందికి నేను కుట్లు వేశాను. కళ్లు మండుతుంటే బయల్దేరకండి. డ్యూటీ రూమ్‌లో ఇరవై నిమిషాలు పడుకుని వెళ్లండి, లేదంటే ఆటో ఎక్కండి.

ఈ విషయంలో వచ్చిన పరిశోధనలను నమ్మేటప్పుడు ఒక జాగ్రత్త పాటించాలి. ఆసుపత్రి సిబ్బంది మీద చేసిన సర్వేల్లో తప్పించుకునే ధోరణి, తమను తాము నిందించుకోవడం ఉన్నవాళ్లకు తలనొప్పి, అజీర్తి, నిద్రలేమి, ఒళ్లునొప్పులు ఎక్కువగా కనిపిస్తాయి. తోటివాళ్ల సాయం అడిగేవాళ్లకు, ముందుచూపుతో ప్లాన్ చేసుకునేవాళ్లకు తక్కువగా కనిపిస్తాయి. అయితే వీటిలో ఎక్కువ సర్వేలు ఒకే ఒక్కసారి ప్రశ్నలడిగినవి. నడుం నొప్పితో ఉన్న మనిషి ఓపిక లేక పని తప్పించుకోవచ్చు, తప్పించుకోవడం వల్లే నొప్పి వచ్చిందని చెప్పలేం. రెండు వైపులా నడిచే దారి ఇది. అందుకే "నీ ఆలోచన మార్చుకో, జబ్బు తగ్గిపోతుంది" అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. రక్తహీనత ఉన్న సిస్టరుకు ధ్యానం కాదు, ముందు ఐరన్ కావాలి.

కాబట్టి మీ ఒంటి సంగతి విడిగా చూద్దాం. నైట్ దిగేటప్పుడు చూసిన ఒక్క 150/96తో మీకు బీపీ ఉందని తేల్చలేం, లేదనీ కొట్టిపారేయలేం. ఒక వారం పాటు, నిద్ర లేచాక, టీ తాగకముందు, ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, చేతిని గుండె ఎత్తులో పెట్టి రెండుసార్లు చూడండి. సాయంత్రం మళ్లీ రెండుసార్లు. మొదటి రోజు వదిలేసి మిగతావాటి సగటు కట్టండి. ఇంట్లో చూసిన సగటు 135/85 లేదా అంతకు మించి ఉంటే అది నిజమైన బీపీ, వైద్యం మొదలుపెట్టాల్సిందే. దాంతోపాటు హిమోగ్లోబిన్, థైరాయిడ్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, రక్తంలో కొవ్వులు చెప్పే లిపిడ్లు, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఒకసారి చేయించండి. మీ వదినగారి హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే అది వెనక్కి మళ్లించగల స్థితి. నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్ల లోపుకు తేవడం ఆవిడ లక్ష్యం. ఇంకొక్క మాట, ఆడవాళ్లలోనూ గుండెపోటుకు ఎక్కువగా కనిపించేది ఛాతీ నొప్పే అయినా, కొన్నిసార్లు అది కడుపు పైభాగాన మంటగా, దవడ నొప్పిగా, విపరీతమైన నీరసంగా, చెమటగా వస్తుంది. నడిస్తే పెరిగే "గ్యాస్"కు మాత్ర వేసుకోకుండా ఈసీజీ తీయించుకోండి. మీరున్నది ఆసుపత్రిలోనే కదా.

రోజువారీగా చేసుకోదగ్గది ఒక్కటే చెప్పమంటే, నిమిషానికి ఆరుసార్లు మాత్రమే వచ్చేలా మెల్లగా ఊపిరి తీసి వదలడం, ఐదు నిమిషాలు. ఇది బీపీని కొద్దిగా తగ్గిస్తుంది, ముఖ్యంగా గొడవ తర్వాత గుండె దడను త్వరగా దింపుతుంది. యూనిఫాం మార్చుకునే గదిలోనే చేసుకోవచ్చు. దీనికితోడు వారంలో 150 నిమిషాల నడక. వార్డులో తిరిగే నడక ఇందులోకి రాదు, అందులో ఆగడం, వంగడం, బరువులెత్తడం ఎక్కువ.

కాలువ తవ్వే బాధ్యత ఒక్క రైతుదే కాదని ఇందాక వాయిదా వేసిన మాటకు వస్తాను. 1979లో రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు చెప్పిందేమిటంటే, పని ఎక్కువగా ఉండి, ఆ పని మీద మనకు ఏ అధికారమూ లేని ఉద్యోగాలే మనిషిని ఎక్కువగా అరగదీస్తాయి. నర్సు ఉద్యోగం అచ్చంగా అదే. ఒక్క నర్సుకు నలభై మంది రోగుల్ని అప్పగించి యోగా క్లాసు పెట్టడం వైద్యం కాదు. మీరు నలుగురైదుగురు సిస్టర్లు కలిసి నర్సింగ్ సూపరింటెండెంట్‌ను అడగాల్సినవి ఉన్నాయి. నెల రోస్టరు కనీసం వారం ముందు ఇవ్వడం, నైట్ దిగిన రోజే మధ్యాహ్నం డ్యూటీ వేయకపోవడం, రాత్రి వంతులవారీగా అరగంట విశ్రాంతి, మరణం జరిగిన రోజు పది నిమిషాలు అందరూ కూర్చుని మాట్లాడుకోవడం, గొడవ జరిగితే సెక్యూరిటీలో ఎవరిని పిలవాలన్న స్పష్టత. ఒక్కరుగా అడిగితే ఫిర్యాదులా వినిపిస్తుంది, కలిసి కాగితం మీద రాసి ఇస్తే ప్రతిపాదన అవుతుంది. ఎవరైనా చెయ్యిచేసుకుంటే సర్దుకుపోకండి. వైద్య సిబ్బంది మీద దాడులను నేరంగా చూసే ప్రత్యేక చట్టం మన రాష్ట్రంలో 2008 నుంచి ఉంది. కేసు పెట్టాల్సింది ఆసుపత్రి, మిమ్మల్ని ఒంటరిగా స్టేషన్‌కు పంపడం కాదు.

రెండు వారాలు దాటి ఏ పనిలోనూ ఆసక్తి లేకపోతే, ఏడుపు ఆగకపోతే, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పేరు బయటికి వస్తుందని భయపడి మన వృత్తిలోవాళ్లు అక్కడే ఆగిపోతున్నారు. దయచేసి ఆగకండి.

బీపీ రీడింగులు రాసేటప్పుడు నైట్ చేసిన రోజుల పక్కన ఒక గుర్తు పెట్టండి. ఆ కాగితమూ, మాత్రల జాబితా కాగితమూ రెండూ పట్టుకుని, మీ ఆసుపత్రిలో కారిడార్‌లో ఆపి అడగకుండా, చీటీ తీసుకుని ఫిజీషియన్ ఎదురుగా కూర్చుని చూపించండి. వదినగారిని కూడా అదే రోజు తీసుకెళ్లండి.